తూకం తప్పిన వరుస

ఆ వరుస మూడోసారి కూడా తూకం తప్పింది.

"మళ్ళీ" అంది పైడమ్మ గొంతు, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు. ఆ మాట వెనకాలే గరగర మొదలైంది. కిన్నెర చెయ్యెత్తి కిటికీ వైపు చూపించింది. సూర్యుడు అప్పటికే సముద్రం మీదికి వచ్చేశాడు. ఆకాశంలో పొర బిగుసుకుంటోంది. ఇక సాయంత్రం పొద్దు వాలేదాకా నడిసంద్రంతో మాట కలవదు.

పరాంకుశం మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు ఎండిపోయి ఉంది. అప్పల్నాయుడు గ్లాసుతో గోరువెచ్చని నీళ్ళు అందించాడు. అతను ఆ ప్రయోగశాలలో రేడియో చూసుకునే మనిషి.

"అన్ని వరుసలూ వెళ్ళాయి. ఇదొక్కటే వెళ్ళనంటోంది" అన్నారు మాస్టారు, కాగితం వైపు చూస్తూ.

కిందటి ఏడు సూర్యుడి మీద పెద్ద తుఫాను రేగింది. అది చల్లారాక ఆకాశంలో ఒక పొర మిగిలిపోయింది. కంటికి కనపడదు గానీ, యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునే సంకేతాలను నమిలి పారేస్తుంది. ఉపగ్రహాలు ఉన్నచోటే ఉన్నాయి, మూగవైపోయాయి. తెల్లవారేటప్పుడూ పొద్దు గూకేటప్పుడూ ఆ పొర కాసేపు పలచబడుతుంది. అప్పుడు పాతకాలపు రేడియోలో మనిషి గొంతు మాత్రం దాటుకుని వెళుతుంది. గొంతు కూడా దారిలో చిరుగుతుంది. కానీ చిరిగినదాన్ని చెవి కుట్టుకోగలదు. యంత్రానికి ఆ విద్య రాదు. వెయ్యి అంకెల్లో ఒక్కటి పోయినా దానికి అన్నీ పోయినట్టే.

నడిసంద్రం ఒక తేలే ఊరు. సముద్రం మధ్య నాచు సాగు చేసే తెప్పలన్నిటినీ ఒకదానికొకటి కట్టి ఊరు చేశారు. ఉప్పాడ నుంచీ భీమిలి నుంచీ వెళ్ళిన కుటుంబాలు అక్కడున్నాయి. ఇప్పుడు ఆ ఊళ్ళో పిల్లలకు కొత్త జ్వరం పట్టుకుంది. మందు అల్లే యంత్రం వాళ్ళ దగ్గరే ఉంది, సరుకూ ఉంది. ఏ మందు ఎలా అల్లాలో చెప్పే సూత్రం మాత్రం ఇక్కడ, భీమిలి ఒడ్డున ఈ ప్రయోగశాలలో, ఒకట్లూ సున్నలూగా తయారై కూర్చుంది. ఓడ వెళ్ళాలంటే నెల పడుతుంది. జ్వరం నెల ఆగేట్టు లేదు.

ఆ ప్రయోగశాలలోనే పనిచేసే కిన్నెర మొదట్లో ఆ ఒకట్లనూ సున్నలనూ అలాగే చదివించి చూసింది. చదివేవాళ్ళకు కళ్ళు తిరిగాయి, రాసేవాళ్ళకు చేతులు తిమ్మిరెక్కాయి. ఏం చెయ్యాలో పాలుపోక ఒకనాటి మధ్యాహ్నం తను చదువుకున్న బడికి వచ్చి, వరండాలో మాస్టారి కుర్చీ పక్కన మెట్టు మీద కూలబడింది.

"నీకు మొత్తం ఎన్ని గుర్తులు కావాలి?" అని అడిగారు మాస్టారు, అంతా విని.

"రెండు వందల యాభై ఆరు. అన్ని ఉంటే ఒక్కో గుర్తు ఎనిమిది అంకెల్ని మోసుకుపోతుంది. రేడియోలో వింటే ఒకటి ఇంకోటిలా అనిపించకూడదు. చదివితే నోరు తిరగాలి. అలాంటివి ఎక్కడ దొరుకుతాయి మాస్టారూ?"

గదిలో పిల్లలు గొంతెత్తి గుణింతం చదువుతున్నారు. క కా కి కీ. మాస్టారు తలుపు వైపు చూశారు. కిన్నెర కూడా చూసింది. పిల్లలు విసర్గ దాకా వెళ్ళి తరువాతి అక్షరం అందుకున్నారు.

"ఒక్కో అక్షరానికి పదహారు రూపాలు" అన్నారాయన. "నువ్వు పదహారు అక్షరాలు ఏరుకుంటే సరిపోతుందేమో చూడు."

కిన్నెర పకపకా నవ్వింది. "మూడో తరగతిలో ఇదే అప్పజెప్పలేదని నాచేత గోడకుర్చీ వేయించారు!"

"ఇప్పుడు వచ్చింది కదా. లేచి నిలబడు, మెట్టు మీద మట్టి ఉంది" అన్నారు మాస్టారు.

అలా మొదలైంది. ఇక్కడ మాస్టారు చదవాలి, నడిసంద్రంలో పైడమ్మ విని రాయాలి. క నుంచి హ వరకు పదహారు అక్షరాలను ఏరారు. పైడమ్మ నోట చ, స ఒకటిగానే వినిపిస్తాయని స తీసేశారు. సూత్రమంతా అర్థంలేని అక్షరాల వరుసలైంది. ప్రతి వరుస చివరా ఒక తూకపు అక్షరం ఉంటుంది. అంతకుముందున్న అక్షరాల విలువలన్నీ కూడితే అది రావాలి. పైడమ్మ రాసిన కాగితాన్ని అక్కడి యంత్రం చూసి కూడుకుంటుంది. లెక్క కుదిరితే ఆమె "అందింది" అంటుంది. కుదరకపోతే "మళ్ళీ" అంటుంది. ఉన్న కాస్త సమయంలో వేరే మాటలకు చోటు లేదు.

మొదటిరోజే మాస్టారు ఆమెకు ఒక నియమం చెప్పారు: విన్నదే రాయాలి, ఊహించి రాయకూడదు. ఊహించింది పొరపాటున తూకానికి సరిపోయిందంటే మందు విషమవుతుంది.

ఇన్ని రోజుల్లో పైడమ్మ ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు. వేరే మాటలాడకూడదన్నది మాత్రం ఒక్కసారి తప్పింది. ఈ ఉదయం మాస్టారు మూడోసారి చదవబోయే ముందు అడగకుండానే ఒక మాట అంది.

"గౌరి కళ్ళు తెరవట్లేదు మేస్టారూ."

గౌరి ఆమె కూతురు. ఎనిమిదేళ్ళది.

*

"పొర మీదే నా అనుమానం. లేకపోతే అక్కడి యంత్రం కన్ను. ఆవిడ రాత దానికి ఆనట్లేదేమో" అంది కిన్నెర, గదిలో అటూ ఇటూ తిరుగుతూ.

"మిగతా వరుసలన్నీ ఆనినియ్ కదమ్మా" అన్నాడు అప్పల్నాయుడు. "ఈ వరుసకేటి పట్టింది? వైరు సూసినాను, వాల్వులు సూసినాను. నా కాడ తేడా నేదు."

"పైడమ్మ అలిసిపోయిందేమో. పిల్ల అలా ఉంటే చెవి నిలుస్తుందా?"

"చదవడంలో తేడా ఉందేమో" అన్నారు మాస్టారు.

అప్పల్నాయుడు నవ్వేశాడు. "ఊరుకోండి మేస్టారూ. ఒక్క ఎక్కం తప్పు సెప్పినానని నాకు తొడపాశం పెట్టినోరు మీరు. మీరు తప్పు సదువుతారేటి?"

కిన్నెర కూడా నవ్వి, వెంటనే మరో యంత్రం మూత విప్పడంలో పడిపోయింది. ఆ మాట అంతటితో పోయింది.

మాస్టారు ఆ వరుస ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బడికి వెళ్ళి, నాలుగో తరగతికి భిన్నాలు చెప్పారు. రొట్టెను నాలుగు ముక్కలు చేసి మూడు తింటే ఎంత మిగిలిందని అడిగితే, వెనక బెంచీ పిల్లవాడు "ఆకలి మిగిలింది సార్" అన్నాడు. తరగతి గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. నవ్వుతూనే, ఆ వరుసలో ఏముందా అని ఆలోచిస్తున్నారు. సంఖ్యల్లో తప్పు దొరక్కపోతే ఆయనకు నిద్రపట్టదు. అక్షరాల్లో దొరక్కపోవడం ఇదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి భార్య సుభద్ర వెనక వసారాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. గోడకు ఆనించి వాళ్ళమ్మాయి తరళ సైకిలు ఉంది. దాన్ని ఎవరూ తొక్కరు. అయినా నెలకోసారి మాస్టారు చక్రాలకు గాలి కొడతారు. గాలి ఎందుకు కొట్టారని సుభద్ర అడగదు. తరళ గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోరని కాదు. మాట్లాడుకుంటారు. "తను ఉన్నప్పుడు" అంటారు, "ఆ ఏడు" అంటారు, "అప్పటి నుంచీ" అంటారు. ఆ రోజుల్లో బడికి ఇచ్చిన సెలవు చీటీలో కూడా మాస్టారు "సొంత పని మీద" అనే రాశారు. అంతకన్నా సరైన మాట తెలియక కాదు. ఆయన జీవితమంతా పిల్లలకు సరైన మాట నేర్పినవారే.

"సుభద్రా, కాస్త ఈ కాగితం పట్టుకుంటావా? నేను చూడకుండా అప్పజెప్తాను. వేలుపెట్టి చూస్తూ ఉండు" అన్నారాయన.

"పరీక్షా?" అంది ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "తప్పితే గోడకుర్చీ వేయించొచ్చా?"

"వేయించు."

ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. రేడియోలో చదివినట్టే, నాలుగేసి అక్షరాలకు ఒకసారి ఊపిరి తీసుకుంటూ. ఆ వరుస అప్పటికే నోటికి వచ్చేసింది. చివరిదాకా చదివి కళ్ళు తెరిచారు.

సుభద్ర కాగితం వైపే చూస్తోంది.

"ఒకచోట వేరేగా చదివారు" అంది.

"ఎక్కడ?"

"మళ్ళీ చదవండి. చూసే చదవండి."

ఆయన కాగితం తీసుకుని చదివారు. ఆమె పక్కకు వంగి వింది.

"ఇప్పుడూ వేరేగానే చదివారు. కానీ ముందు చదివినట్టు కాదు. అప్పుడు చే అన్నారు, ఇప్పుడు చో అన్నారు."

"అనలేదే!"

"అన్నారు."

"నేను అక్కడున్నదే చదివాను సుభద్రా."

ఆమె వాదించలేదు. కాగితం ఆయన ముందు పరిచి, వరుస మధ్యలో ఒకచోట చూపించింది. చూపించి వేలు తీసేసింది. అక్కడ నాలుగు అక్షరాలున్నాయి: టై, మః, చా, వు.

మాస్టారు వాటిని చూశారు. ఇన్నిసార్లు చదివినా అవి ఆయనకు అక్షరాలే. చా అంటే ఇన్ని సున్నలూ ఇన్ని ఒకట్లూ. వు అంటే మరికొన్ని. యంత్రం ఏ ఉద్దేశమూ లేకుండా పక్కపక్కన పెట్టింది. అవి రెండూ కలిస్తే ఒక మాటని ఆయన కళ్ళు ఇప్పుడే చూస్తున్నాయి. కానీ ఆయన నాలుక మాత్రం ఎప్పుడో చూసేసి, ఆ చోటు రాగానే తనంతట తనే పక్కకు తప్పుకుంటూ వచ్చింది.

"నీకు ఎలా తెలిసింది?" అన్నారు.

"ఆ చోటు వస్తుంటే నా వేలు కూడా ఆగింది" అంది సుభద్ర. ఆమె చిక్కుడుకాయల చేట దగ్గరికి వెళ్ళి కూర్చుంది గానీ, కాయ ముట్టుకోలేదు.

*

"పొద్దున్న నేను చదివింది రికార్డులో ఉంటుందిగా. వినిపించు" అన్నారు మాస్టారు, ప్రయోగశాలలో అడుగు పెడుతూనే.

"ఎందుకు మాస్టారూ?"

"వినిపించమ్మా."

కిన్నెర మీట నొక్కింది. గదిలో మాస్టారి గొంతు నింపాదిగా, స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా వినిపించింది. టై, మః, చే, వు. రెండోసారి: టై, మః, చో, వు. మూడోసారి మళ్ళీ చే.

అప్పల్నాయుడు తల గోక్కున్నాడు. కిన్నెర ముఖం వాడిపోయింది. ఆకాశాన్ని అనుమానించింది, తీగలను అనుమానించింది, సముద్రం నడుమ కూతురి పక్కన కూర్చుని రాస్తున్న తల్లిని అనుమానించింది. పక్కనే ఉన్న రికార్డు మీట నొక్కడానికి మాత్రం ఆమె చెయ్యి వెళ్ళలేదు.

"నాకు తోచలేదు మాస్టారూ. మీరు..."

"నాకూ తోచలేదు" అన్నారాయన. తరువాత, తరగతిలో ఒక పిల్లవాడి వింత జవాబు విన్నప్పటిలా, కాస్త ముందుకు వంగారు. "కిన్నెరా, నాకు ఒకటి అర్థం కావట్లేదు. ఇందులో అర్థం లేదని నాకు తెలుసు. అర్థం లేకుండానే కదా మనం కట్టింది. నేను మాటగా చూడనే లేదు. చూడని దాన్నుంచి ఎలా తప్పుకున్నాను?"

"లోపల ముందే ఎవరో చదివేసి ఉంటారు. మీకు చెప్పకుండా."

"ఎవరో కాదు. నేనే" అన్నారు మాస్టారు.

కిన్నెర గబగబా పట్టిక ముందుకు లాక్కుంది. "ఒక పని చేద్దాం. ఈ వరుస ఒక్కటీ ఒక మెట్టు జరిపి పంపుదాం. చా ఉన్నచోట చి వస్తుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు. అక్కడ మళ్ళీ వెనక్కి జరుపుకుంటారు."

"వెనక్కి జరిపి రాసేది ఎవరు?"

కిన్నెర పట్టిక మీద నుంచి చెయ్యి తీసేసింది. పైడమ్మ తప్ప అక్కడ రాసేవాళ్ళెవరున్నారు?

"మనం తప్పుకుని, ఆ మాట ఆవిడంతట ఆవిడ తేల్చుకుని రాసుకునేట్టు చేస్తామా? పిల్ల పక్కన కూర్చుని?" అన్నారు మాస్టారు.

"పోనీ నేను చదువుతాను."

"ఒక్కసారి నన్ను చదవనియ్యి. తప్పానంటే మైకు లాక్కో. మొహమాటపడకు. అప్పల్నాయుడూ, నీకూ చెప్తున్నా."

"మేస్టారి సేతిలోంచి లాక్కోవాలా?" అని గొణుక్కున్నాడు అప్పల్నాయుడు.

పొద్దు వాలింది. గరగర మెల్లగా పలచబడి, కిందికి దిగి, చివరికి ఉడుకుతున్న ఎసరు చప్పుడంత అయింది. అందులోంచి ఊపిరి వినిపించింది.

"ఉన్నాను" అంది పైడమ్మ.

మాస్టారు మైకు దగ్గరికి జరిగారు. ఇప్పుడు వరుస చదవాలి. చదవలేదు.

"పైడమ్మా, ఇప్పటిదాకా తప్పు చదివింది నేను. నీ రాత కాదు, ఆకాశం కాదు. నేనే."

గరగర మధ్య నుంచి పైడమ్మ గొంతు వచ్చింది.

"నాకు తెలుసు మేస్టారూ."

కిన్నెర తలెత్తింది.

"ఒకపాలి సే అన్నారు, ఒకపాలి సో అన్నారు. మీరెప్పుడూ అలగ సదవరు. ఆ రెండూ కానిదేటో నాకు తెలదేటి?"

"మరి అడగలేదేం?"

"ఇన్నదే రాయమన్నారు కదా. మీరు పలకందే నానెలగ రాస్తాను?" గొంతు ఒక క్షణం గరగరలో మునిగి మళ్ళీ తేలింది. "అడిగి పలికించుకోడానికి నాకు నోరు రానేదు మేస్టారూ. పిల్ల ఇక్కడే తొంగుంది. ఇంటాదేమోనని."

మాస్టారికి ఆ తెప్ప మీది గది కనిపించింది. అలకి ఊగే దీపం, చాప మీద పిల్ల, పిల్లకి వీపు అడ్డం పెట్టి కాగితం మీదికి వంగిన తల్లి. వేల మైళ్ళకు అటొకరూ ఇటొకరూ ఉండి, ఒకే మాట దగ్గర ఆగిపోయారు. ఆ ఆగడంలో ఒక పగలంతా గడిచిపోయింది.

"ఇప్పుడు పలకమంటావా?" అన్నారు.

"పలకండి" అంది పైడమ్మ. ఈసారి గొంతు పెద్దదైంది, పిల్ల విన్నా ఫరవాలేదన్నట్టు. "పలకండి మేస్టారూ. అది మాట కాదు, మందులో ముక్క. నాను రాస్తాను."

మాస్టారు కాగితం ఎత్తి పట్టుకున్నారు. వరుస మొదటి నుంచి మొదలుపెట్టారు. నాలుగు అక్షరాలు, ఊపిరి. నాలుగు అక్షరాలు, ఊపిరి. కిన్నెర చెయ్యి మైకుకు దగ్గరగా ఉంది.

"టై. మః."

నాలుక ఒక పక్కకు వాలడం ఈసారి ఆయనకు తెలిసింది. అటు వాలనివ్వలేదు.

"చా."

అవతల కలం గీసుకున్న చప్పుడు వినిపించిందో, ఆయనే అనుకున్నారో.

"వు."

మిగతా అక్షరాలు ఎలా చదివారో ఆయనకు తెలియదు. తూకపు అక్షరం చదివి ఆగారు. అక్కడి యంత్రం కూడుకుంటోంది. అప్పల్నాయుడు కళ్ళు మూసుకున్నాడు. అలల మీద ఏదో పక్షి అరిచిన చప్పుడు రేడియోలోంచి వచ్చింది.

"అందింది" అంది పైడమ్మ.

*

మందు తయారవడానికి ఒక రోజు, అది పనిచెయ్యడానికి ఇంకో రోజు పట్టింది. ఆ రెండు రోజులూ పొర పలచబడినప్పుడల్లా మాస్టారు మైకు ముందు కూర్చున్నారు. అటునుంచి "ఇంకా నేదు" అన్న మాట తప్ప ఏమీ రాలేదు.

మూడో ఉదయం పైడమ్మ నియమాలన్నీ గాలికి వదిలేసింది.

"గౌరి జావ అడిగింది మేస్టారూ! తాగి, ఉప్పు సాలనేదని నా మీద ఇసుక్కుంది. అలగ ఇసుక్కుంటంటే నాను ఏడిసినాను. పక్క తెప్పల్లో పిల్లలకీ తగ్గుతోంది."

అప్పల్నాయుడు "ఉప్పు నేని జావ ఎవులు తాగుతారు, గౌరిదే న్యాయం!" అని కేకపెట్టి, ముఖం అటు తిప్పుకుని కండువాతో తుడుచుకున్నాడు. కిన్నెర బల్ల మీద తల వాల్చి నవ్వుతోంది.

"ఉప్పు వేసి ఇవ్వు పైడమ్మా" అన్నారు మాస్టారు.

"ఏసినాను, ఏసినాను. మేస్టారూ, ఇన్నాళ్ళూ అడగనేదు. మీకు పిల్లలెంతమంది?"

మాస్టారు మైకు మీట నొక్కారు. నోరు తెరిచారు. అప్పుడే కిటికీలోంచి ఎండ బల్ల మీద పడింది, గరగర ఒక్కసారిగా లేచి గదంతా నిండిపోయింది. ఆయన మీట వదలకుండా కాసేపు అలాగే కూర్చున్నారు. ఇప్పుడు ఏం చెప్పినా దాటదు. కిన్నెర ఏమీ చూడనట్టు కాగితాలు సర్దుకుంది.

ఆయన బడికి వెళ్ళే దారి వదిలి ఇంటికి వెళ్ళారు.

సుభద్ర వసారాలో బట్టలు ఆరేస్తోంది. ఆయన్ను ఆ వేళప్పుడు చూసి చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడింది.

"గౌరి?"

"లేచింది. జావ తాగింది. ఉప్పు చాలలేదట."

ఆమె పెద్దగా ఊపిరి వదిలి చీర తీగ మీద వేసింది. అంచులు లాగి సరిచేసింది. ఆయన కదలకపోవడం చూసి తిరిగింది. మాస్టారు సైకిలు పక్కన నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి దాని సీటు మీద ఉంది.

"సుభద్రా" అన్నారు. తరువాత రేడియోలో చదివినట్టు, తొందర లేకుండా, ఏ అక్షరమూ మింగకుండా అన్నారు.

"తరళ చనిపోయింది."

రెండేళ్ళుగా వాళ్ళిద్దరికీ తెలిసిన సంగతే అది. ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట. తీగ మీద తడిచీర నుంచి నీళ్ళు చుక్కచుక్కగా గచ్చు మీద పడుతున్నాయి. మళ్ళీ చెప్పమంటుందేమోనని ఆయన చూశారు. చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు.

సుభద్ర తడిచేతులు తుడుచుకోకుండానే వచ్చి సైకిలుకు అటువైపు నిలబడింది. ఆమె కూడా ఒక చెయ్యి సీటు మీద పెట్టింది.

"అందింది" అంది.